నాలుగు టెరాబైట్ల ఉమ్మడి ఆస్తి

ఆ నోటులో 'పార్టిషన్లు' అన్న మాట ఒక్కటి రాయకుండా ఉంటే సువర్చల పని అయిదు నిమిషాల్లో తెమిలిపోయేది. కానీ ఆమె కంప్యూటర్లు చదువుకున్న మనిషి. ఆ చదువులో దాన్ని పార్టిషన్ అంటారు కాబట్టి ఆమె కూడా పార్టిషన్ అనే రాసింది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక మాటను దాని అర్థం తెలిసి వాడడం ఎంత ప్రమాదమో ఆమెకు అప్పటికి తెలియదు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది పాపం.

ఆమె పనిచేసే చోటు రాష్ట్ర ధ్వని భాండాగారం. గోదావరి గట్టున, ఒకప్పటి ఉప్పు గిడ్డంగిలో ఉంటుంది. మాయమైపోతున్న ధ్వనులను పట్టి దాచడం దాని పని. పడవ పాటలు, జోలపాటలు, సంతలో బేరాలు, పాత ఇనప సామాన్లు కొనేవాళ్ళ కేకలు, ఒక వీధి కుళాయి దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు ఊపిరి తిప్పుకోకుండా గంటసేపు తిట్టుకున్న తిట్లు, అన్నీ ముప్పై ఏళ్ళుగా టేపుల మీద పోగయ్యాయి. గోడల్లోని ఉప్పుచెమ్మ తగిలి ఆ టేపులకు బూజు పట్టింది. స్టూడియో విభాగం చూసే ఇంజనీరు ఫ్రాన్సిస్ వాటిని ఒక్కొక్కటే తుడిచి, యంత్రానికి ఎక్కించి, కంప్యూటర్‌లోకి దించాడు. అలా తుడిచిన టేపు ఒక్కసారి పాడగానే గోధుమరంగు పొడి రాల్చేసి చేతులెత్తేసేది. అంటే ఆ ధ్వనులన్నిటికీ ఇప్పుడు మిగిలిన ఇల్లు ఫ్రాన్సిస్ గదిలోని మ్యాక్ కంప్యూటర్ ఒక్కటే. అదీ అద్దె ఇల్లు. నెలాఖరుకు గడువు తీరగానే కంపెనీ మనుషులు వచ్చి దాన్ని పట్టుకుపోయి, శుభ్రంగా తుడిచి, ఇంకొకరికి ఇచ్చేస్తారు.

భాండాగారంలో విభాగాలు మూడు. ఆ మూడింటికీ ఒకరంటే ఒకరికి పడదు. వాళ్ళ కంప్యూటర్లకు అసలే పడదు. స్టూడియోది మ్యాక్. నిల్వ విభాగంలో మస్తాన్ కాపలా కాసే పెద్ద సర్వర్ లినక్స్‌ది. కార్యాలయమూ, జనం వచ్చి వినే గదీ విండోస్. ఒకరి డిస్కు తెచ్చి ఇంకొకరికి తగిలిస్తే "ఇదేమిటో నాకు అర్థం కాలేదు, తుడిచెయ్యమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. గదుల మధ్య ఒక తీగ ఉండేది గానీ ఎలకలు కొరికేశాయి. కొత్త తీగ కోసం పెట్టిన ఫైలును కూడా ఎలకలే కొరికేశాయి.

అందుకని సువర్చల కాళ్ళరిగేలా తిరిగి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెప్పించింది. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె. అందులో నాలుగు టెరాబైట్ల చోటు ఉంటుంది. దాన్ని లోపల నాలుగు భాగాలు చేసి, విభాగానికొకటీ, మూడు రకాల కంప్యూటర్లూ చదవగలిగేలా ఉమ్మడిగా ఒకటీ ఉంచితే, మ్యాక్‌లో ఉన్నదంతా ఆ ఉమ్మడి భాగంలోకి ఎక్కించి సర్వర్‌లో దించేయవచ్చు. ఆమె ఆలోచన అంతే. అందులో వంక పెట్టడానికేం లేదు.

ఆమెకు అంత ఆరాటం ఉండడానికి మంగాయమ్మ కూడా కారణం. మంగాయమ్మ భర్త గంగులు లాంచీల రేవులో కేకలు వేసేవాడు. టికెట్టు కొట్టేది వేరే మనిషి, లాంచీ నడిపేది వేరే మనిషి. జనాన్ని పిలవడం ఒక్కటే గంగులు పని. "ఆఖరి లాంచీ! ఆఖరి లాంచీ!" అని అరిస్తే అవతలి గట్టున గేదెలు కూడా తలెత్తేవి. మధ్యాహ్నం నుంచి కదిలే ప్రతి లాంచీనీ అతను ఆఖరి లాంచీ అనే అరిచేవాడు. ఆఖరిదంటే తప్ప జనం కదలరని అతని సిద్ధాంతం. దానివల్ల ఊళ్ళో అతని మాట ఎవరూ నమ్మేవారు కాదు, పెళ్ళాం అసలే నమ్మేది కాదు. వంతెన వచ్చింది, లాంచీలు పోయాయి, గంగులూ పోయాడు. అతని కేక ఒక్కటి టేపు మీద మిగిలింది. మంగాయమ్మ ప్రతి శనివారం వచ్చి, వినే గదిలో కూర్చుని, ఆ కేక విని, "అబద్ధాలకోరు సచ్చినోడు" అని ముద్దుగా తిట్టి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేది. టేపులు మ్యాక్‌లోకి వెళ్ళినప్పటినుంచి వినే గది మూగపోయింది. నిల్వ సర్వర్‌కు చేరని ధ్వనిని బయటివాళ్ళకు వినిపించకూడదని రూలు. అయినా ఆమె రావడం మానలేదు. కాపీ దొరక్కపోతుందా అన్న ఆశతో, పెన్‌డ్రైవ్ పెట్టుకుని వినే చిన్న స్పీకరు పెట్టె కూడా కొనుక్కుంది.

"ఏం అమ్మాయిగారూ, మా ఆయన దిగాడా?" అని అడిగేది.

"ఇంకా లేదు పిన్నిగారూ. వచ్చే వారానికి దింపేస్తాను. మీకో కాపీ కూడా ఇస్తాను," అని సువర్చల మాట ఇచ్చింది. మాట ఇచ్చాక నోటు పెట్టింది.

నోటు, డ్రైవ్‌తో సహా, మొదట కార్యాలయ విభాగం సూపరింటెండెంటు కామేశం గారి బల్ల మీదికి వెళ్ళింది. 'ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను నాలుగు పార్టిషన్లు చేయుటకు అనుమతి కోరడమైనది' అన్న వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివి, ఆలస్యం చేయకుండా వడ్రంగిని పిలిపించాడు. ఆఫీసులో పార్టిషన్ అంటే ప్లైవుడ్డు అని ఆయనకు బాగా తెలుసు. ఆయన సర్వీసులో ఎన్నో పార్టిషన్లు కొట్టించాడు.

సువర్చల వెళ్ళేసరికి వడ్రంగి డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఎంత ఎత్తు రావాలండీ?" అన్నాడు.

"మనిషి కూర్చుంటే తల కనపడకూడదు. అది రూలు," అన్నాడు కామేశం.

"ఇందులో మనిషి కూర్చోడండి బాబూ."

"కూర్చోడని రూలు మారుతుందేంటయ్యా?"

"కామేశం గారూ, చెక్కలు కాదండీ!" అంది సువర్చల ఆయాసపడుతూ. "పార్టిషన్ లోపల చేస్తారండీ."

"లోపలేనమ్మా నేనూ చెబుతున్నది. బయట కొడితే వానకి ఉబ్బిపోదూ?"

వడ్రంగి చాలాసేపు ఆలోచించి, దీనికి ప్లైవుడ్డు ఆగదనీ, అగ్గిపెట్టె చెక్కయితే సరిపోతుందనీ చెప్పాడు. అప్పటికి సువర్చల డ్రైవ్‌ను లాక్కుని సంచాలకుల గది వైపు పరిగెత్తింది. కామేశం ఆమె వెనకే వచ్చాడు.

సంచాలకులు వాచస్పతి గారికి ధ్వనితో ఉన్న సంబంధమల్లా ఆ పేరొక్కటే. ముప్పై ఏళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేశాడు. నిజాయితీపరుడు. అందుచేత ఎవరికో కోపం వచ్చి ఆయన్ని ఇక్కడికి తోశారు. పొలాల తగాదాలు లేక ఆయనకు పొద్దు గడవడం లేదు. జోలపాటలు వింటే నిద్రొస్తోందని కూడా అంటున్నాడు. కామేశం వడ్రంగిని పిలిపించిన సంగతి విని పడీపడీ నవ్వాడు.

"పార్టిషన్ అంటే చెక్కలేమిటయ్యా కామేశం! ఎన్నేళ్ళ సర్వీసు నీది?"

సువర్చల ప్రాణం లేచివచ్చింది. హమ్మయ్య, తెలిసిన మనిషి దొరికాడు అనుకుంది.

"పార్టిషన్ అంటే పంపకం," అన్నాడు వాచస్పతి, కుర్చీలో నిటారుగా కూర్చుంటూ. "ఉమ్మడి ఆస్తి పంపకం. ఏమ్మా, ఆస్తి ఎవరి పేర ఉంది?"

"భాండాగారం పేరండి."

"వాటాదారులు?"

"మూడు విభాగాలండి. కానీ సార్..."

"ఆడ వాటాదారులున్నారా?"

"ఆఫీసులో ఆడదాన్ని నేనొక్కదాన్నేనండి."

"అయితే నీకూ హక్కుంది. వదులుకుంటున్నట్టు రాసిస్తావా, లేక కొట్లాడతావా?"

"సార్, ఇది కంప్యూటర్‌కి తగిలించి అయిదు నిమిషాల్లో చేసే పనండి."

వాచస్పతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది.

"అమ్మా, నా సర్వీసులో పదకొండేళ్ళకు తక్కువ పట్టిన పంపకం నేను చూడలేదు. అయిదు నిమిషాల్లో ఆస్తి చేతులు మారితే దాన్ని పంపకం అనరు, దొంగతనం అంటారు. ఎవరికీ అన్యాయం జరగడానికి వీల్లేదు. ఫైలు నేనే స్వయంగా చూస్తాను."

వచ్చిన దగ్గరనుంచి ఆయన అంత ఉత్సాహంగా కనిపించడం అదే మొదటిసారి. డ్రైవ్‌ను గుడ్డలో కట్టి, లక్క సీలు వేసి, కామేశం బల్ల మీద 'వివాదాస్పద ఆస్తి' అన్న చీటీ అంటించి పెట్టించాడు. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ అధికారం లేదు.

మర్నాడు వరండాలో టముకు వేశారు. టముకు వేసే మనిషిని ఎక్కడినుంచో వెతికి తెచ్చారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నలుపు వర్ణము, నాలుగు టెరాబైట్ల విస్తీర్ణము గల డ్రైవ్ అను స్థిరాస్తి..." అని అతను చదువుతుంటే, మాయమవుతున్న ధ్వని కదా అని ఫ్రాన్సిస్ మైకు పట్టుకుని పరిగెత్తాడు. ఆ రికార్డింగు కూడా వెళ్ళి మ్యాక్‌లోనే చేరింది. తుడిచిపెట్టుకుపోయే వాటిలో ఇంకొకటి పెరిగింది.

నోటీసులో ఆస్తికి నాలుగు హద్దులూ రాయాలి. కామేశం బల్ల మీద చూసి రాశాడు. తూర్పు: సూపరింటెండెంటు వారి టీ కప్పు. పడమర: స్టేప్లరు. ఉత్తరం: గోడ. దక్షిణం: సూపరింటెండెంటు వారు. ఒకసారి రాశాక హద్దులు కదలకూడదు కాబట్టి టీ కప్పును కడగనివ్వలేదు. అందులో చీమలు కాపురం పెట్టాయి. స్టేప్లరు ముట్టుకోవడానికి లేక ఆఫీసు కాగితాలన్నీ గుండుసూదులకు మారాయి. దక్షిణం హద్దు అయినందుకు కామేశం కూడా కదలడం మానేశాడు. ఆయన విషయంలో ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

ఆ తరవాత వాటాల విచారణ మొదలైంది. సంచాలకుల గదిలో, విచారణకు మాత్రం హద్దు కదలవచ్చని అనుమతి తీసుకున్న కామేశం, ఆయన పక్కన ఫ్రాన్సిస్, మస్తాన్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. సువర్చల ఒక మూల నిలబడింది.

"ఈశాన్యం నాకు కావాలండి," అన్నాడు కామేశం. "సర్వీసు రిజిస్టర్లు పెట్టుకోవాలి. ఉద్యోగుల ఆయుష్షు వ్యవహారం."

"ఈశాన్యం మీరే ఉంచుకోండి. తీగ తగిలించే వైపు నాకివ్వండి సార్," అన్నాడు మస్తాన్. "సర్వర్‌కి రాకపోకలు ఎక్కువ. రోడ్డు పక్కనుండాలి."

డ్రైవ్‌కు ఒక పక్క చిన్న చీలిక ఉంది. తీగ తగిలించేది అక్కడే. ఆ వైపే రోడ్డు అని వాచస్పతి నిర్ధారించాడు. దాంతో ముగ్గురికీ రోడ్డు వైపే కావలసివచ్చింది. అంగుళం లేని ముఖభాగాన్ని ముగ్గురికి పంచలేక, ఫ్రాన్సిస్‌కు వెనక వాటా పడింది.

"అదెలా కుదురుతుంది సార్?" అన్నాడు ఫ్రాన్సిస్. "నా పాటలు బయటికి రావాలంటే వీళ్ళ వాటాల్లోంచి నడిచి రావాలా? కుళాయి దగ్గర తిట్లున్నాయి నా దగ్గర. అవి కామేశం గారి వాటాలోంచి పోతే ఆయన ఊరుకుంటారా?"

"ఛస్తే పోనివ్వను," అన్నాడు కామేశం. "నా రిజిస్టర్లలో మర్యాదస్తులు ఉంటారు."

వాచస్పతికి కడుపు నిండినట్టయింది. ఎన్నాళ్ళయింది ఇలాంటి తగువు విని! ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, వెనక వాటాదారుకు మూడడుగుల నడకదారి వదలాలని చెప్పి రాయించాడు. డ్రైవ్ మొత్తం పొడవు జానెడు లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

బయటికి వచ్చాక సువర్చల ఫ్రాన్సిస్‌ను పట్టుకుంది.

"మీరు ఇంజనీరు కదండీ! లోపల ఈశాన్యాలూ నడకదారులూ ఉండవని మీకు తెలీదా?"

"తెలుసు సువర్చల గారూ. బాగా తెలుసు," అన్నాడు ఫ్రాన్సిస్. కాసేపాగి, "అయినా వెనక వాటా నాకెందుకివ్వాలి?" అన్నాడు.

సువర్చలకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. చివరికి ఏదీ పూర్తిగా రాలేదు.

కొలతలు తీయడానికి సర్వేయరు బుల్లబ్బాయి గారు వచ్చాడు. డ్రైవ్ సీలు విప్పించి, గొలుసు తీశాడు. గొలుసు ఒక కొస డ్రైవ్ మీద పెడితే రెండో కొస గోదావరిలో పడింది. ఆఖరికి స్కేలు పెట్టి కొలిచి, హద్దురాళ్ళు పాతడానికి చోటు చాలక సగ్గుబియ్యం గింజలు తెప్పించి, సున్నం రాసి, డ్రైవ్ మీద వరసగా జిగురుతో అంటించాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది. పని పూర్తి చేసి తల గోక్కున్నాడు.

"ఆయ్, ఇందులో ఏదో తిరకాసుందండి. కాగితంలో నాలుగు టెరాబైట్లు అన్నారు. నేలమీద చూత్తే అరచెయ్యి లేదండి. మిగతాది ఎవరో కలిపేసుకున్నారండి."

"బుల్లబ్బాయి గారూ, అది లోపల ఉంటుందండీ," అంది సువర్చల. "కావాలంటే చూపిస్తాను." ఆవేశంలో అనేసింది. సంచాలకుల అనుమతితో డ్రైవ్‌ను కామేశం కంప్యూటర్‌కు తగిలించింది. విండోస్ తెర మీద మూడు పాయింట్ ఆరు టెరాబైట్లు అని కనిపించింది.

కామేశం వేలు పెట్టి ఆ అంకెను రెండుసార్లు చదివాడు.

"సార్, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా అండి," అని సువర్చల గబగబా మొదలుపెట్టింది. "వెయ్యికి వెయ్యి లెక్కేస్తే ఒకటి, వెయ్యీ ఇరవై నాలుగుకి లెక్కేస్తే ఇంకోటి. మ్యాక్‌లో చూస్తే నాలుగే ఉంటుందండి!"

అదే డ్రైవ్‌ను ఫ్రాన్సిస్ గదికి పట్టుకెళ్ళి మ్యాక్‌కు తగిలించారు. నాలుగు అని చూపించింది.

"దొరికాడు!" అన్నాడు కామేశం. "మేం చూస్తే మూడున్నర చిల్లర. వీళ్ళు చూస్తే నాలుగు. తగ్గిన భాగం ఎవరి దగ్గరుందో ఇంకా చెప్పాలా సార్?"

ఫ్రాన్సిస్ మీద ఆక్రమణ కేసు నమోదైంది. పాపం అతను జేబులు కూడా చూపించాడు.

ఇక ఉమ్మడి భాగం సంగతి తేలాలి. సువర్చలకు కావలసింది అదొక్కటే. మూడు కంప్యూటర్లూ చదవగలిగేది అదే. తక్కిన మూడు వాటాలూ వాళ్ళే కొట్టుకుచావనీ అనుకుంది. వాచస్పతి ఆదేశం చదివి వినిపించాడు.

"ఉమ్మడి భాగము ఏ ఒక్కరి స్వాధీనమందును లేనందున పోరంబోకుగా నిర్ణయించడమైనది. ఇందు ఎవరును ఏమియూ ఉంచరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు."

పళ్ళు కుట్టుకునే పుల్లకు చిన్న కాగితం అంటించి, 'ఇది ప్రభుత్వ స్థలము' అని రాసి, సగ్గుబియ్యం మధ్యలో నిలబెట్టారు. అంతలో మస్తాన్ తనకు రోడ్డు వైపు తగ్గిందని అభ్యంతరం దాఖలు చేశాడు. విచారణ వచ్చే నెలకు వాయిదా పడింది. డ్రైవ్‌కు మళ్ళీ సీలు పడింది.

వచ్చే నెల అంటే మ్యాక్ వెళ్ళిపోయాక. కంపెనీ వాళ్ళు అప్పటికే ఫోను చేసి, ఎల్లుండి ఉదయం వస్తామని చెప్పారు.

ఆ రోజు శనివారం. మంగాయమ్మ స్పీకరు పెట్టెను చీరకొంగుతో తుడుచుకుంటూ వరండాలో కూర్చుంది.

"ఏం అమ్మాయిగారూ, మా ఆయన దిగాడా?"

సువర్చల ఆమె పక్కనే చతికిలబడింది. "దిగలేదు పిన్నిగారూ. ఇక దిగడేమో," అంటూ కళ్ళొత్తుకుంది.

"అయ్యో, మీరేడవకండమ్మా," అంది మంగాయమ్మ. "ఆడు బతికున్నప్పుడూ అంతే. ఇదిగో వస్తున్నానంటాడు, రాడు." అని సర్దిచెప్పింది గానీ, ఆమె చేతిలో పెట్టె తుడవడం ఆగిపోయింది.

అది చూసి సువర్చలకు కడుపు మండిపోయింది. లేచి విసురుగా సంచాలకుల గదిలోకి వెళ్ళింది. ఏదో ఒకటి అనేసి, ఉద్యోగం పోతే పోనీ అనుకునే వెళ్ళింది. కానీ వాచస్పతి ఆ సమయంలో చాలా సంతోషంగా ఉన్నాడు. ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, తన పాత సంగతులు ఎత్తుకున్నాడు.

"ఇదేం తగువమ్మా! నా సర్వీసులో ఒక ఊళ్ళో అన్నదమ్ములు గట్టు కోసం కత్తులు తీశారు. చేను మధ్యలో పోలీసులు. ఎవరూ అడుగు పెట్టకూడదని నేనే ఉత్తర్వు ఇచ్చాను. ఇంతలో మబ్బు పట్టింది. చేలో పంట కోతకొచ్చి ఉంది. అప్పుడేం చేశానో తెలుసా?"

"ఏం చేశారండి?" అంది సువర్చల నీరసంగా.

"కోసెయ్యమన్నాను! నేలమీద తగువుంటే నేలమీద ఉంటుంది. పంటేం పాపం చేసింది? కోయించి, పక్కనున్న పోరంబోకులో కళ్ళం చేసి కుప్ప వేయించాను. రాత్రికి వాన కురిసింది. ఒక్క గింజ తడవలేదు." "పంట తడిస్తే నేను చూడలేనమ్మా."

సువర్చల టీ కప్పు దించేసింది. తరవాత ఒక తెల్లకాగితం తీసుకుని అక్కడే, ఆయన ఎదురుగానే రాసింది.

'స్టూడియో యందలి మ్యాక్ అను కౌలు భూమిలో ముప్పై ఏళ్ళ పంట కోతకు సిద్ధముగా ఉన్నది. కౌలు గడువు ఎల్లుండితో ముగియును. పిదప సదరు పంట మొత్తము నాశనమగును. కావున వాటాదారుల హక్కులకు భంగము లేకుండా, వివాదములో ఉన్న స్థలమును తాత్కాలికముగా కళ్ళముగా వాడుకొని పంటను కుప్ప వేసుకొనుటకును, అందుకుగాను స్థలమును చదును చేసి అలుకుటకును అనుమతి ప్రార్థించడమైనది.'

వాచస్పతి చదివాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఎల్లుండా! పంట మొత్తమా! ముందే చెప్పొద్దూ!" అని సంతకం పెట్టేసి, కింద 'వాన సూచనలు ఉన్నందున అత్యవసరము' అని కూడా రాశాడు. సీలు తన చేత్తోనే పగలగొట్టాడు. డ్రైవ్ ఆమె చేతికిస్తూ, "ఇంత చక్కగా రాయడం వచ్చి, మొదట ఆ పిచ్చి నోటు ఎందుకు రాశావమ్మా?" అని కోప్పడ్డాడు.

సువర్చల ఒక్క పరుగున మ్యాక్ దగ్గరికి వెళ్ళింది. స్థలం చదును చేసింది. అంటే, నాలుగు భాగాల జోలికే పోకుండా డ్రైవ్ మొత్తాన్నీ ఒకే మైదానంగా, మూడు రకాల కంప్యూటర్లూ చదవగలిగే ఒకే పద్ధతిలో ఫార్మాట్ చేసింది. అయిదు నిమిషాలు పట్టలేదు. అసలు మొదటినుంచీ కావలసింది ఇంతేనని ఆమెకు అప్పుడు తట్టింది. పంపకం చేద్దామన్న ఆలోచన ముందు వచ్చింది ఎవరికయ్యా అంటే, ఆమెకే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, మనమూ చెప్పొద్దు.

పంట ఎక్కడం మొదలైంది. ఆదివారమంతా ఎక్కుతూనే ఉంది. ఆక్రమణ కేసులో ముద్దాయి ఫ్రాన్సిస్ పక్కనే కూర్చుని ఒక్కో పేరు తెర మీద కదిలినప్పుడల్లా, "పడవ పాటలు వెళ్ళాయి... జోలపాటలు వెళ్ళాయి... తిట్లు వెళ్ళాయి, ఎవరి వాటాలోంచీ వెళ్ళలేదు!" అని పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. సోమవారం పొద్దున్న కంపెనీ మనుషులు వచ్చేసరికి ఇంకా కొద్దిగా మిగిలి ఉంటే, వాళ్ళకు రెండేసి టీలు పోయించి కూర్చోబెట్టారు. మూడో టీ వచ్చేలోగా టముకు కూడా ఎక్కేసింది. మ్యాక్‌ను వాళ్ళు మోసుకుపోయారు.

డ్రైవ్‌ను మస్తాన్ సర్వర్‌కు తగిలిస్తే మారుమాట లేకుండా చదివింది. అన్నీ అందులోకి దిగాయి. తరవాత వినే గదిలో విండోస్ కంప్యూటర్‌కు తగిలించారు. అదీ చదివింది. పంట అంచనా వేయాలని సంచాలకులు స్వయంగా వచ్చారు. దక్షిణం హద్దు అయినా కామేశం కూడా లేచి వచ్చాడు. మస్తాన్, ఫ్రాన్సిస్ గుమ్మంలో నిలబడ్డారు. మంగాయమ్మకు సువర్చల కబురు పెట్టింది. వచ్చింది గానీ, ఇంతమంది ఆఫీసర్లు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంటే లోపలికి రావడానికి జంకి, వరండాలోనే ఆగిపోయింది.

"ఏదీ, ఒక గుప్పెడు చూపించు," అన్నాడు వాచస్పతి.

సువర్చల మీట నొక్కింది. స్పీకర్లలోంచి గోదావరి అలల చప్పుడు వచ్చింది. దాని మీద లాంచీ కూత. ఆ వెంటనే కిటికీ రెక్కలు అదిరేలా గంగులు గొంతు లేచింది.

"ఆఖరి లాంచీ! ఆఖరి లాంచీ! ఎక్కేవోళ్ళు ఎక్కండి! దిగేవోళ్ళు దిగండి! ఆలోచించేవోళ్ళు పక్కకి తప్పుకోండి!"

ముందుగా తప్పుకున్నది వాచస్పతి. ఆయన వెనకే కామేశం గోడకు అతుక్కుపోయాడు. మస్తాన్, ఫ్రాన్సిస్ చెరో పక్కకీ జరిగారు. గుమ్మం ఖాళీ అయింది. ఆ దారిన మంగాయమ్మ తిన్నగా నడిచివచ్చి, స్పీకరు ముందు నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దిగాడమ్మా," అంది.

వాచస్పతి గొంతు సవరించుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "మంచి పంట," అన్నాడు.

సువర్చల కేకను మంగాయమ్మ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టబోయింది.

"ఆగమ్మా. ఏమిటది?" అన్నాడు వాచస్పతి.

సువర్చల చెయ్యి వెనక్కి తీసుకుంది. "కాపీ అండి," అంది మెల్లగా.

"కాపీ అంటే నకలు. ధ్రువీకరణ లేని నకలు ఈ కార్యాలయం దాటి పోకూడదు. రేపు ఎవరైనా ఇది దొంగ కేక అంటే ఈవిడ ఎక్కడికి పోవాలి? సంతకం, ముద్ర ఉండాలి."

"ధ్వని మీద ముద్ర ఎక్కడ వేస్తారండీ?" అని అడిగాడు కామేశం, ముద్ర చేత్తో పట్టుకునే.

వాచస్పతి చాలాసేపు ఆలోచించాడు. తరవాత మైకు తెమ్మన్నాడు. చొక్కా సర్దుకుని, దాని ముందు నిటారుగా నిలబడి, కేక అయిపోయిన చోట గట్టిగా, స్పష్టంగా తన గొంతు కలిపాడు. "పై మాట అసలుతో సరిచూడడమైనది. ఇది నిజము. వాచస్పతి, సంచాలకులు."

ఆ పంపకం కేసు ఇప్పటికీ నడుస్తోంది. మస్తాన్ రోడ్డు వైపు కోసం పైవారికి అప్పీలు చేసుకున్నాడు. డ్రైవ్ మీద సగ్గుబియ్యం ఒకటి రాలిపోతే హద్దురాయి పీకేశారని ఇంకో కేసు పడింది. తాత్కాలిక కళ్ళం మాత్రం ఎవరూ ఖాళీ చేయమనలేదు. వాచస్పతి ఇప్పుడు మధ్యాహ్నాలు వినే గదిలో కూర్చుని, పంట చూసుకుంటున్నానంటూ కుళాయి దగ్గర తిట్లు రెండేసిసార్లు వింటున్నాడు.

తరవాతి శనివారం మంగాయమ్మ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. ఏమైందోనని సువర్చల ఆమె ఇంటికి వెళ్ళింది. వీధి మలుపు దగ్గరికే గంగులు కేక వినిపించింది. దాని వెంటే సంచాలకుల గొంతు. మంగాయమ్మ అరుగు మీద కూర్చుని, స్పీకరు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు వినిపిస్తోంది.

"రండమ్మాయిగారూ," అంది పక్కకు జరిగి చోటిస్తూ. "ఆడు బతికున్నన్నాళ్ళూ ఆడి మాట నిజమని ఊళ్ళో ఒక్కళ్ళూ అనలేదమ్మా. నేనూ అనలేదు. ఇప్పుడు సూడండి, ఆడు ఆఖరి లాంచీ అనడం పాపం, అంత పెద్దాఫీసరు ఎనకే నిలబడి, నిజమే, నిజమే అంటన్నాడు."